‘బన్యన్’ పదం: పుట్టుక, అర్థపరిణామం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగులో మర్రి అని, సంస్కృతంలో వటం, న్యగ్రోధం అని పిలిచే చెట్టుకు ఇంగ్లీషులో స్థిరపడిన పేరు ‘బన్యన్’. ఈ పదానికి మూలం వర్తకుణ్ణి సూచించే గుజరాతీ పదమన్న విషయంలో నిఘంటుకారులకు భేదాభిప్రాయం లేదు. అయితే వర్తకుడి పేరు చెట్టుకు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జనంలో ప్రచారంలో ఉన్న సమాధానానికీ, 17వ శతాబ్దపు యాత్రికులు రాసిపెట్టిన సమాచారానికీ పొంతన లేదు. ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం, ఆ పదం ఇతర అర్థాల్లోకి విస్తరించిన తీరును గుర్తించడం, భారతీయ భాషల్లోని పేర్లతో దానిని పోల్చి ఏ పేరు చెట్టులో దేనిని చూసిందో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బన్యన్, మర్రి, న్యగ్రోధం, వటం, పదనిష్పత్తి, అర్థపరిణామం, హాబ్సన్-జాబ్సన్, నామకరణం.

1. ఉపోద్ఘాతం

ఒక భాషలోని చెట్టు పేరుకు మరొక భాషలో సమానార్థకం ఇవ్వడం నిఘంటుకారుడికి తేలికైన పనుల్లో ఒకటిగా కనిపిస్తుంది. చెట్టు కంటికి కనిపించే వస్తువు. దానిని చూపించి ఇక్కడి పేరు ఇది, అక్కడి పేరు అది అని చెబితే సరిపోతుంది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులు ‘మర్రి’కి ‘బన్యన్’ అని అర్థం ఇవ్వడం ఈ పద్ధతిలోనే జరిగింది. వస్తువు మేరకు ఆ సమీకరణంలో దోషం లేదు. రెండు పదాలూ వృక్షశాస్త్రం ‘ఫైకస్ బెంగాలెన్సిస్’ అని పిలిచే చెట్టునే చెబుతాయి.

అర్థం మేరకు మాత్రం ఆ సమీకరణం అంత సూటిగా లేదు. ‘బన్యన్’ అన్న పదంలో చెట్టుకు సంబంధించిన ఒక్క లక్షణమూ లేదు. ఊడలు లేవు, ఆకు లేదు, పాలు లేవు, పండు లేదు. ఉన్నది ఒక మనిషి మాత్రమే, అదీ ఆ పేరు పెట్టినవారికి పరాయివాడైన మనిషి. ఒక చెట్టును దాని కింద కనిపించిన మనిషి పేరుతో పిలవడం ఎలా సంభవించింది, ఆ పిలుపు తరువాతి కాలంలో దేనిని మరుగుపరచింది అన్నవి కేవలం పదచరిత్రకు సంబంధించిన ప్రశ్నలు కావు. ఇంగ్లీషు ద్వారా తన చెట్టును తాను మళ్ళీ తెలుసుకుంటున్న తెలుగు పాఠకుడికీ ఇవి సంబంధించినవే.

2. పదనిష్పత్తి: ‘వణిజ్’ నుంచి ‘బన్యన్’ దాకా

సంస్కృతంలో ‘వణిజ్’ అంటే వర్తకుడు. దాని నుంచి ఏర్పడినవే ‘వాణిజ్యం’, ‘వణిజుడు’ మొదలైన రూపాలు. గుజరాతీలో వర్తక కులానికి చెందినవాడు ‘వాణియో’, బహువచనంలో ‘వాణియా’. హిందీలో వకారం బకారమై ‘బనియా’ అయింది. పశ్చిమ తీరానికి వచ్చిన పోర్చుగీసువారి రచనల్లో ఈ పదం 16వ శతాబ్ది ఆరంభంలోనే కనిపిస్తుంది. 1516 ప్రాంతంలో దుఆర్తె బార్బోసా గుజరాతు వర్తకుల ఆచారాలను, ముఖ్యంగా వారి అహింసావ్రతాన్ని, ఆశ్చర్యంతో వర్ణించాడు.

పదం చివరి నకారం ఆలోచించదగినది. గుజరాతీ ఏకవచన రూపంలో అది లేదు. హెన్రీ యూల్, ఎ. సి. బర్నెల్ కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ (1886) దీనికి రెండు అవకాశాలు చూపింది. పల్లకి పోర్చుగీసు ఉచ్చారణలో చివర అనునాసికాన్ని చేర్చుకున్నట్లే ఇదీ చేర్చుకొని ఉండవచ్చు, లేదా బహువచన రూపం నుంచి వచ్చి ఉండవచ్చు. పోర్చుగీసువారు రాకముందే అరబ్బు వర్తకుల నోట ఈ పదం ఉండి ఉంటుందని కూడా ఆ కోశం భావించింది. అరేబియా సముద్రపు రేవుల్లో గుజరాతు వర్తకుల ఉనికి యూరపువారి రాకకన్నా ఎంతో పాతది కనుక ఈ ఊహ సమంజసమే.

ఇంతవరకు గమనించవలసిన అంశం ఒకటి. గుజరాతు నుంచి అరబ్బు, పోర్చుగీసు నోళ్ళ మీదుగా ఇంగ్లీషుకు చేరే దారి పొడవునా ఈ పదానికి ‘హిందూ వర్తకుడు’ అన్నదే అర్థం. చెట్టు అర్థం ఈ దారిలో మొదటి నుంచీ వెంట వచ్చినది కాదు. అది ఒక ప్రత్యేకమైన చోట, ప్రత్యేకమైన పరిస్థితిలో తగులుకున్నది.

3. గోంబ్రూన్ చెట్టు

ఆ చోటు భారతదేశంలో లేదు. పర్షియా సింధుశాఖ ముఖద్వారంలో నేడు బందర్ అబ్బాస్ అని పిలిచే రేవును 17వ శతాబ్దపు యూరపువారు గోంబ్రూన్ అన్నారు. 1622లో ఇంగ్లీషు ఓడల సాయంతో షా అబ్బాస్ సేనలు పోర్చుగీసువారి నుంచి హోర్ముజ్ ద్వీపాన్ని పట్టుకున్న తరువాత ఆ ద్వీపపు వర్తకం ఎదుటి తీరంలోని గోంబ్రూన్‌కు తరలింది. ఈస్టిండియా కంపెనీవారు అక్కడ కోఠీ పెట్టుకున్నారు. గుజరాతు వర్తకులూ అక్కడ స్థిరపడ్డారు. ఊరికి కొంత దూరంలో ఒక మహావృక్షం ఉండేది. దాని దగ్గర ఆ వర్తకులు ఒక చిన్న గుడి కట్టుకున్నారు. ‘బన్యన్ చెట్టు’ అన్న పేరు మొదట ఈ ఒక్క చెట్టుకే వాడుకలోకి వచ్చి, తరువాత ఆ జాతి అంతటికీ వ్యాపించిందని హాబ్సన్-జాబ్సన్ నిర్ణయం.

ఇందుకు ఆధారమైన యాత్రికుల రచనల్లో మూడింటిని పోల్చడం అవసరం. మొదటిది ఇటలీ దేశీయుడు పియెత్రో దెల్లా వల్లేది. పర్షియా తీరంలో హోర్ముజ్ సమీపాన చూసిన చెట్టునే 1623లో సూరత్‌లోనూ చూసి, ఆ రెండు చోట్లా దానికి ఉన్న స్థానిక నామాలను అతడు నమోదు చేశాడు. పర్షియా తీరంలో దాని పేరు ‘లూల్’, సూరత్‌లో ‘బర్’. రెండోది వటశబ్దభవమైన దేశ్యరూపమని చెప్పనక్కరలేదు. సూరత్ జనం ఆ చెట్టును మహాదేవుడి భార్య పార్వతికి చెందినదిగా భావించి కొలవడాన్ని కూడా అతడు రాశాడు.

రెండోది ఇంగ్లీషు రాయబార బృందంతో పర్షియా వెళ్ళిన సర్ థామస్ హెర్బర్ట్ యాత్రాగ్రంథం. 1634లో తొలిసారి వెలువడి తరువాతి ముద్రణల్లో విస్తరించిన ఈ గ్రంథం ఆ చెట్టుకు ‘బన్యన్’ అన్న పేరు ఇంగ్లీషువారు పెట్టినదేనని స్పష్టంగా చెబుతుంది. కారణమూ చెబుతుంది. బన్యన్లు ఆ చెట్టుకు రంగురంగుల పట్టుపీలికలు కట్టి పూజించడమే ఆ కారణం.

మూడోది ఫ్రెంచి రత్నవర్తకుడు జాఁ బతిస్త్ తావెర్నియే రచన. యూరపువారు దానిని ‘బన్యన్ల చెట్టు’ అంటారనీ, అటువంటి చెట్లు ఉన్నచోటల్లా ఆ వర్తకులు నీడన విడిది చేసి వంట చేసుకుంటారనీ అతడి వివరణ.

ఈ మూడు వర్ణనల మధ్య తేడా చిన్నది కాదు. ఇటలీ యాత్రికుడు ఆ చెట్టును ఏమని పిలుస్తారో అక్కడి జనాన్ని అడిగాడు. సమాధానం రెండు భాషల్లో దొరికింది. ఇంగ్లీషువారు, ఇతర యూరపువారు తమకు కనిపించిన దృశ్యాన్నిబట్టి తామే పేరు పెట్టుకున్నారు. చరిత్రలో నిలిచింది అడిగి తెలుసుకున్న పేరు కాదు, చూసి పెట్టిన పేరు. కంపెనీ ఓడలు ఏ రేవుల మధ్య తిరిగాయో ఆ రేవుల మధ్య ఆ పేరూ తిరిగింది. ‘బన్యన్’ ఇంగ్లీషులో నిలవడానికి పదగుణం కాక సముద్రవర్తకం కారణమైంది.

ఆధునిక పారసీకంలో ఈ జాతి చెట్టుకు ‘అంజీరె మఆబెద్’ అన్న పేరు ఉంది. దేవాలయాల అంజూరం అని దానికి అర్థం. ఇంగ్లీషు పేరులో పూజారి వర్తకుడిగా మాత్రమే మిగిలితే, పారసీక నామంలో గుడి మిగిలింది.

4. ‘సంత’ వివరణ: పరామర్శ

‘బన్యన్’ పేరుకు జనబాహుళ్యంలో ప్రచారంలో ఉన్న వివరణ వేరు. భారతదేశపు పల్లెల్లో మర్రిచెట్ల నీడన వర్తకులు సరకులు పరుచుకొని బేరాలు సాగించేవారనీ, దానిని చూసిన ఇంగ్లీషువారు ఆ చెట్టుకు వర్తకుడి పేరు పెట్టారనీ ఆ వివరణ చెబుతుంది. వినడానికి ఇది సహజంగా ఉంటుంది. మర్రినీడన సంతలు జరగడం అబద్ధమూ కాదు. కానీ పదం పుట్టుకకు కారణంగా దీనిని అంగీకరించడానికి మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది స్థలం. పేరు పుట్టిన చోటుగా ఆకరాలు చూపేది పర్షియా రేవును. అక్కడ మర్రి అరుదైన చెట్టు, గుజరాతు వర్తకుడు పరదేశి. అరుదైన చెట్టూ, పరదేశి మనిషీ ఒకచోట కనిపించినప్పుడే ఒకరి పేరు మరొకరికి గుర్తుగా పనికివస్తుంది. మర్రులు ఊరూరా ఉండి, వాటి కింద అన్ని కులాలవారూ కూర్చునే భారతీయ పల్లెలో ‘వర్తకుల చెట్టు’ అనడం గుర్తుగా పనిచేయదు.

రెండోది కారణం. పైన చెప్పిన వర్ణనల్లో చెట్టు కింద ప్రధానంగా జరుగుతున్నవి పూజ, విడిది, వంట. పేరుకు కారణంగా వారు చెప్పినదాంట్లో బేరసారాల ప్రసక్తి లేదు. పేరులో ఉన్నది ‘వర్తకుడు’ కనుక చెట్టు కింద వర్తకం జరిగి ఉంటుందని తరువాతివారు ఊహించారు. పదార్థం నుంచి చరిత్రను వెనక్కి అల్లుకునే ఈ రీతికి లౌకిక నిరుక్తి మంచి ఉదాహరణలు చాలా చూపుతుంది. ‘బన్యన్’ అన్నది ఆ యాత్రికులకు వృత్తివాచకం మాత్రమే కాదు. మాంసం ముట్టని, చెట్టును మొక్కే, ‘విగ్రహారాధకుడైన’ పరదేశికి మతవాచకం కూడా. చెట్టుకు అంటుకున్నది అందులోని మతార్థమే.

మూడోది భాష. వర్తకుల చెట్టు అన్న భావన నిజంగా గుజరాతులో పుట్టినదైతే గుజరాతీలో దాని జాడ ఉండాలి. గుజరాతీలో మర్రి పేరు ‘వడ్’. నర్మదా నదిలో భరూచ్ సమీపాన ద్వీపం మీద ఉన్న ప్రసిద్ధ వృక్షం ‘కబీర్‌వడ్’. వడోదర నగర నామాన్ని ‘వటోదర’ శబ్దంతో ముడిపెడతారు. జ్యేష్ఠ పూర్ణిమ నాడు వటసావిత్రీ వ్రతం చేసే గుజరాతీ స్త్రీలు ఆ చెట్టు మానుకు నూలు చుడతారు. ఏ వర్తకుల పేరు ప్రపంచమంతా ఆ చెట్టుకు వాడుతున్నదో ఆ వర్తకుల ఇంటిభాష మాత్రం దానిని ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఈ ఒక్క అంశం చాలు, ‘బన్యన్’ భారతీయ నామానికి ఇంగ్లీషు రూపం కాదని, భారతీయ పదంతో ఇంగ్లీషు పెట్టిన పేరని నిరూపించడానికి.

5. ఒకే పదం, అనేక వస్తువులు

చెట్టుతో ఈ పదం ఆగలేదు. 17, 18 శతాబ్దాల్లో అది ఇంకా మూడు దిక్కులకు విస్తరించింది. ఆ విస్తరణను గమనిస్తే చెట్టుకు పేరు పెట్టిన మనోధర్మం ఇంకా స్పష్టమవుతుంది.

మొదటిది తిండి. సూరత్ వచ్చిన జాన్ ఒవింగ్టన్ 1696లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో, ఓడ సరంగులు వారానికి ఒకటి రెండుసార్లు మాంసం లేక కిచిడీతో సరిపెట్టుకోవలసి వచ్చేదనీ, ఆ రోజులను వారు అసహ్యంతో ‘బన్యన్ రోజులు’ అనేవారనీ చెప్పాడు. బ్రిటిష్ నౌకాదళంలో అది స్థిరమైన మాట అయింది. నౌకావైద్యుడి సహాయకుడిగా పనిచేసిన టొబయస్ స్మోలెట్ తన నవల ‘రోడరిక్ రాండమ్’ (1748)లో సోమ, బుధ, శుక్రవారాలు మాంసం ఇవ్వని బన్యన్ రోజులని వివరించాడు. ఒక సమాజానికి వ్రతమైనది మరొక సమాజపు నోట లేమికి పర్యాయమైంది. ఇందులో మరొక మలుపు కూడా ఉంది. ఇప్పటి బ్రిటిష్ నౌకాదళంలో ‘బన్యన్’ అంటే ఓడ దిగి తీరంలో జరుపుకొనే విందు. అందులో మాంసం కాల్చుకోవడం మామూలే. మాంసం లేని రోజు మాంసపు విందు అయ్యేసరికి వర్తకుడు పదంలోంచి పూర్తిగా తప్పుకున్నాడు.

రెండోది బట్ట. 18వ శతాబ్దపు ఇంగ్లండులోనూ, అమెరికా వలసల్లోనూ సంపన్నులు ఇంట్లో తొడుక్కునే వదులైన పొడవాటి అంగీని ‘బన్యన్’ అన్నారు. జాన్ సింగిల్టన్ కోప్లీ 1767లో గీసిన నికొలస్ బాయిల్‌స్టన్ చిత్రంలో బోస్టన్ వర్తకుడు ఈ అంగీతోనే కనిపిస్తాడు. తూర్పుదేశాల సరకుతో ధనవంతుడైన వర్తకుడు తూర్పుదేశపు వర్తకుడి పేరున్న అంగీ తొడుక్కోవడం యాదృచ్ఛికమే కావచ్చు, అర్థవంతం మాత్రం తప్పక అవుతుంది. భారతదేశంలో ఉన్న ఇంగ్లీషువారు హిందువుల ఒంటి చొక్కాను పోలినదని పల్చని లోచొక్కాకు ఇదే పేరు పెట్టారు. హిందీ ‘బనియాన్’, తెలుగు ‘బనీను’ ఆ లోచొక్కా పేర్లే. తెలుగువాడి నిత్యవ్యవహారంలోని ‘బనీను’, గ్రాంథికమైన ‘వాణిజ్యం’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఒకటి సంస్కృతం నుంచి నేరుగా వచ్చింది, మరొకటి గుజరాతు నుంచి సముద్రాలు చుట్టి వచ్చింది. తెలుగు నిఘంటువుల్లో ఈ బంధుత్వానికి చోటు కల్పించవలసిన అవసరం ఉంది.

మూడోది అధికారం. 18వ శతాబ్దపు కలకత్తాలో యూరపు దొరకు పెట్టుబడి సమకూర్చి, లావాదేవీలు నడిపే స్థానిక మధ్యవర్తిని ‘బన్యన్’ అన్నారు. వారన్ హేస్టింగ్స్‌కు కృష్ణకాంత నందీ ఇటువంటి బన్యన్. ఈ పనికి వర్తక కులంలో పుట్టనక్కరలేదు. ఇదే పని చేసినవాడు మద్రాసులో ‘దుబాషీ’. రెండు పేర్లను పోలిస్తే తేడా తెలుస్తుంది. దుబాషీ, అంటే ద్విభాషి, మనిషి చేసే పనిని చెప్పే పేరు. బన్యన్ మనిషిని ఒక కులచిత్రంలో బిగించే పేరు.

తిండి, బట్ట, పని, చెట్టు: ఈ నాలుగింటినీ కలిపే సూత్రం ఒకటే. ఇంగ్లీషువాడికి ఆ వర్తకుడి పక్కన ఏది వింతగా కనిపించిందో దానికి ఆ వర్తకుడి పేరే వచ్చింది. వస్తువును దాని గుణంతో కాక దాని చెంతనున్న పరాయి మనిషితో గుర్తించడం ఈ నామకరణ పద్ధతి. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది లక్షణ. ‘గంగలో పల్లె’ అన్నప్పుడు సామీప్యం చేత గంగ ఒడ్డును చెప్పినట్లే, ఇక్కడ సామీప్యం చేత వర్తకుడి పేరు చెట్టును చెప్పింది. అయితే గంగ విషయంలో పల్లెకు చల్లదనం, పావిత్ర్యం అన్న ప్రయోజనం సిద్ధిస్తుంది. ‘బన్యన్’లో చెట్టుకు సిద్ధించిన ప్రయోజనం ఏమీ లేదు. వాడుకలో పడి మూలార్థాన్ని మరిచిపోయిన రూఢిలక్షణగానే అది మిగిలింది.

6. పండితుల అంజూరం

ఓడల మీద ‘బన్యన్’ స్థిరపడుతున్న కాలంలోనే ఇంగ్లీషు గ్రంథాల్లో ఈ చెట్టుకు మరొక పేరు ఉంది: భారతదేశపు అంజూరం. ఇది అలెగ్జాండరు దండయాత్ర తెచ్చిన సమాచారంతో గ్రీకు పండితుడు థియొఫ్రాస్టస్ చేసిన వర్ణన నుంచి, రోమనుడు ప్లీనీ ద్వారా వచ్చిన సంప్రదాయం. కొమ్మల నుంచి వేళ్ళు దిగి స్తంభాలై చుట్టూ పందిరి వేసే తీరును ఆ ప్రాచీనులు చక్కగా గ్రహించారు. ఆకు విషయంలో మాత్రం అది డాలంత ఉంటుందని పొరబడ్డారు.

జాన్ మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ (1667) తొమ్మిదో సర్గలో, పాపం చేసి సిగ్గు తెలిసిన ఆదాము అవ్వలు ఆకులతో ఒళ్ళు కప్పుకునే చోట ఈ చెట్టునే నిలిపాడు. పండ్లకు పేరుపడ్డ అంజూరం కాదనీ, మలబారు, దక్కనులలో భారతీయులు ఎరిగిన జాతి అనీ ప్రత్యేకంగా చెప్పాడు. అప్పటికి కళ్ళు పోయిన మిల్టన్ ఈ చెట్టును ఎన్నడూ చూసినవాడు కాదు. జాన్ జెరార్డ్ మూలికాగ్రంథం (1597) వంటి పుస్తకాలే అతడి ఆధారం. అందువల్ల డాలంత ఆకు అతడి కావ్యంలోనూ నిలిచింది. అయితే చెట్టు నడవలను, కొమ్మల నుంచి దిగిన సంతానం తల్లిమాను చుట్టూ పెరగడాన్ని, ఎండకు ఆ నీడ చేరి ఆకుల సందుల్లోంచి మందను కాచుకునే పశుల కాపరిని అతడు చూపించాడు. చూడని మిల్టన్ చెట్టు స్వభావాన్ని చూపగలిగాడు. కళ్ళారా చూసిన నావికులు పెట్టిన పేరులో చెట్టే లేదు.

మిల్టన్ ఆకును భారతీయ కల్పనలోని ఆకు పక్కన పెడితే మరొక తేడా బయటపడుతుంది. ప్రళయజలంలో మర్రాకు మీద శయనించిన వటపత్రశాయి కల్పనకు ప్రాణం ఆ ఆకు చిన్నదనం. జానెడు ఆకు మీద పసిబాలుడు, ఆ బాలుడి కడుపులో సమస్త లోకాలు: ఆకు డాలంత అయితే ఆ అద్భుతం సడలిపోతుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువు చేత న్యగ్రోధఫలాన్ని చీల్పించి, గింజను కూడా చీల్పించి బోధించినప్పుడూ సూక్ష్మతే ఆధారం. కంటికి కనిపించనిదాని నుంచి మహావృక్షం పుట్టడం అక్కడి బోధ. మర్రాకులతో విస్తరి కుట్టుకున్న ఇంటికి ఆకు కొలత పాఠం చెప్పి నేర్పవలసిన విషయం కాదు. ఒక్క ఆకు చాలదు కనుకనే విస్తరికి కుట్టు కావలసివచ్చింది. చెట్టుతో బతికినవారి కల్పన కొలతలోనూ తప్పలేదు.

7. న్యగ్రోధం, వటం, మర్రి

భారతీయ నామాలు ఈ చెట్టులో చూసినవి వేరు. ‘న్యగ్రోధ’ శబ్దానికి కిందికి పెరిగేది అని వ్యుత్పత్తి. దేవతలు యజ్ఞంలో వంచిన సోమచమసాల నుంచి ఈ చెట్టు పుట్టిందన్న ఐతరేయబ్రాహ్మణ కథ కూడా ఆ కిందిచూపుకు కారణం చెప్పడానికి పుట్టినదే. అమరకోశం ఇచ్చిన పర్యాయాల్లో ‘బహుపాద’ ఒకటి. అనేక పాదాలు కలది అని ఊడలను చెప్పే మాట అది. ‘వట’ శబ్దాన్ని చుట్టబడినది, కప్పబడినది అన్న అర్థం గల ‘వృత’ శబ్దానికి ప్రాకృతరూపంగా కొందరు నిఘంటుకారులు భావించారు. ఈ మూడు పేర్లూ చెట్టును చూసి పెట్టినవి.

తమిళ, కన్నడ, మలయాళాల్లో ఈ చెట్టుకు ‘ఆల్’ శబ్దానికి చెందిన రూపాలు ఉండగా, తెలుగు ‘మఱ్ఱి’ అన్న వేరు పదాన్ని నిలుపుకుంది. ఊళ్ళ పేర్లలో అది స్థిరపడిన తీరు గమనార్హం. మర్రిపాడు, మర్రిపూడి, మర్రిగూడ వంటి గ్రామనామాల్లో చెట్టు ఊరికి ఆనవాలు. అక్కడ ఊరు చెట్టు పేరు పెట్టుకుంది. గోంబ్రూన్‌లో చెట్టు మనిషి పేరు పెట్టుకుంది. నామకరణం నడిచిన దిశ తలకిందులైంది.

తెలుగు నేల మీది రెండు ప్రసిద్ధ వృక్షాల పేర్లు ఈ పోలికకు పదును పెడతాయి. మహబూబ్‌నగర్ దగ్గరి ‘పిల్లలమర్రి’ పేరులో ఊడలు దిగి మానులైన శాఖలు తల్లిచెట్టుకు పిల్లలు. మిల్టన్ పుస్తకాల ద్వారా చేరుకున్న తల్లీబిడ్డల భావనను తెలుగు జనం రెండు మాటల సమాసంలో ఇమిడ్చారు. కదిరి సమీపంలోని ‘తిమ్మమ్మ మర్రిమాను’ 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. సుమారు ఐదెకరాలు పరుచుకున్న ఆ చెట్టు పేరులోనూ ‘బన్యన్’లో వలెనే ఒక మనిషి ఉంది. ఆ పోలిక అక్కడితో సరి. భర్తతో సహగమనం చేసిన తిమ్మమ్మ చితికి నాటిన గుంజ చిగిర్చి ఆ చెట్టయిందని స్థానికుల విశ్వాసం. ఆమె ఆ ఊరి మనిషి, పేరున్న మనిషి. చెట్టును ఆమె పేరుతో పిలిచేవారు ఆమెను తమదిగా స్మరిస్తున్నారు. ఆ స్మరణలో సహగమనాన్ని మహిమగా చూపే దృష్టి ఉన్నదన్న విమర్శను పక్కన పెట్టడానికి వీల్లేదు. పేరు పెట్టడంలో ఇంటివారి చూపు కూడా నిర్దోషం కాదని ఇది గుర్తుచేస్తుంది. అయినా ఒక తేడా మిగిలే ఉంటుంది. ‘బన్యన్’లోని మనిషికి పేరు లేదు. అతడు ఒక జాతికి నమూనా మాత్రమే.

8. తిరిగివచ్చిన పదం

20వ శతాబ్దానికి ‘బన్యన్’ భారతీయ ఇంగ్లీషు రచయితల సొంత పదమైంది. ఆర్. కె. నారాయణ్ ‘అండర్ ద బన్యన్ ట్రీ’ కథ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. సోమల్ అనే కుగ్రామంలో చదువురాని నంబి గుడి ఎదుటి చెట్టు కింద ఊరివారికి కథలు చెబుతాడు. ముసలితనంలో కథ నోట రాకపోయేసరికి, ఇచ్చిన అమ్మవారే తీసుకున్నదని తలచి మౌనం వహిస్తాడు. ఈ కథలో ‘బన్యన్’ అన్న పదం వర్తకుణ్ణి ఏమాత్రం స్ఫురింపజేయదు. గుడి, ఊరు, కథ, శ్రోతలు అన్నీ కలిసిన చోటుకు అది సంకేతం. గోంబ్రూన్‌లో గుడి పక్కన పుట్టిన పదం మూడు శతాబ్దాల తరువాత మళ్ళీ గుడి ఎదుటికి చేరింది. ఈసారి దానిని ప్రయోగించినవాడు ఓడ మీది నుంచి చూసినవాడు కాదు.

అందువల్ల ‘బన్యన్’ను పరాయి మాటగా తోసిపుచ్చడం విమర్శకు లక్ష్యం కానక్కరలేదు. పదాలు పుట్టిన చోటనే ఉండిపోవు. ఇటువంటి కథను తెలుగు చేసే అనువాదకుడు ‘మర్రి’ అన్నప్పుడు, మూలంలో లేని ఊడలు, పిల్లలమాను స్ఫూర్తి అప్రయత్నంగా కథలోకి వస్తాయి. అది అనువాదానికి నష్టం కాదు, రచయిత ఇంగ్లీషులో రాస్తూ వదులుకోవలసివచ్చినదానిని తిరిగి రాబట్టడం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ‘బన్యన్’ పదమూలం భారతీయమే, కానీ చెట్టుకు ఆ పేరు పర్షియా తీరంలో యూరపువారు పెట్టినది. పేరుకు కారణం చెట్టు కింది వర్తకం కాదు, చెట్టును పూజించి దాని నీడన విడిసిన వర్తకుల ఉనికి. తిండికీ, బట్టకూ, మధ్యవర్తికీ అదే పేరు పాకడం ఆ నామకరణం వెనుక ఉన్న చూపును ధ్రువీకరిస్తుంది. భారతీయ నామాలు చెట్టు పెరుగుదలను, ఊడలను, వాటి సంతానభావాన్ని చెప్పగా, ఇంగ్లీషు నామం చెట్టు పక్కనున్న పరాయివాణ్ణి మాత్రమే చెప్పింది.

పల్లె సంతతో ముడిపెట్టిన లౌకిక వివరణను తెలుగు పాఠకుడు నమ్మినప్పుడు, ఒక రేవులో పరాయివారు చూసిన దృశ్యాన్ని తన ఊరి చరిత్రగా స్వీకరిస్తున్నాడు. నిఘంటువు ‘మర్రి’ ఎదుట ‘బన్యన్’ అని రాయడం అవసరమే. ఆ రెండూ ఒకే చెట్టును చూపుతాయి, ఒకే అర్థాన్ని చెప్పవు అన్న ఎరుక ఆ సమీకరణంతోపాటు ఉండాలి. ఒకటి చెట్టును చూసినవారి మాట. మరొకటి చెట్టు కింది మనిషిని చూసి, చెట్టు పేరు అడగడం మరిచినవారి మాట.